తీర్పు చెప్పిన ఆడవాళ్లు

అల్మాస్‌గూడలో మా వీధిలో పొలం ఆనవాలే లేదు. అన్నం వండుకుంటాం, పండించిందెవరో అడగం. ప్రభుత్వాలూ అడగలేదు. 1999 నాటి 'విజన్ 2020' వ్యవసాయం మీద బతికేవాళ్లను 70 నుంచి 40 శాతానికి తగ్గించాలంది. మిగిలినవాళ్లు ఎక్కడికి పోవాలి? మాలాంటి శివార్లకేనా?

2001లో అప్పటి మెదక్ జిల్లాలో 'ప్రజాతీర్పు' జరిగింది. జ్యూరీలో ఎక్కువమంది సన్న, చిన్నకారు రైతులు, అందులోనూ ఆడవాళ్లు. ప్రభుత్వ, కంపెనీ ప్రతినిధుల వాదనలూ విన్నారు. ఆ తగ్గింపునూ జన్యుమార్పిడి పంటలనూ తిరస్కరించారు.

ఆ మాట వెనక అనుభవం ఉంది. 1990లలోనే జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళా సంఘాలు బీడు భూముల్లో జొన్న పండించి, ఊళ్లోనే నిల్వచేసి, పేదలకు తక్కువ ధరకు ఇచ్చాయి. 1983లో వచ్చిన రెండు రూపాయల బియ్యం ఆకలి తీర్చింది, నిజమే. కానీ జొన్ననూ, దాని విత్తనం దాచే ఆమె నేర్పునూ పక్కకు నెట్టింది.

2013 ఆహార భద్రతా చట్టంలో చిరుధాన్యాలు చేరాయి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమైంది. మా వీధి దుకాణంలో కొర్రలు బియ్యంకన్నా ఖరీదు. పంటకు గౌరవం దక్కింది. పండించిన ఆమెను విధానం రాసేచోట కూర్చోబెట్టేదెప్పుడు?