డాక్టర్ గారు వచ్చి వెళ్ళాక

భోజనాల వేళయింది. వడ్డించే మనిషి మాత్రం రాలేదు.

1998 జూన్ 24, బుధవారం. ఇంగ్లండులో మాంచెస్టర్‌కు పక్కనే ఉన్న హైడ్ అనే చిన్న పట్నం. అక్కడి వృద్ధుల క్లబ్బులో మధ్యాహ్న భోజనాల దగ్గర సాయం చేయడానికి కాథ్లీన్ గ్రండీ ఠంచనుగా వచ్చేవారు. వయసు 81. ఒకప్పుడు ఆ ఊరి మేయరు భార్య. మోకాళ్ళు పట్టుకుని మూలన కూర్చునే మనిషి కాదు. అలాంటావిడ చెప్పాపెట్టకుండా మానేసిందంటే ఏదో జరిగే ఉంటుందని క్లబ్బు నుంచి ఇద్దరు ఆవిడ ఇంటికి బయల్దేరారు.

గ్రండీ సోఫాలో పడుకుని ఉన్నారు. బయటికి వెళ్ళబోయే మనిషిలా శుభ్రంగా బట్టలు కట్టుకునే ఉన్నారు. పిలిస్తే పలకలేదు.

వచ్చినవాళ్ళు ఫోన్ చేసింది ఆవిడ ఫ్యామిలీ డాక్టరుకే. ఆయన వచ్చాడు, ఒకసారి చూశాడు, గుండె ఆగిపోయిందన్నాడు. పొద్దున తానే ఆ ఇంటికి వచ్చి వెళ్ళానని కూడా చెప్పాడు. మరణ ధ్రువపత్రంలో కారణం దగ్గర వృద్ధాప్యం అని రాశాడు. పొద్దున్నే డాక్టరు చూసిన మనిషి కాబట్టి పోస్టుమార్టం అక్కర్లేదని కూతురికి చెప్పాడు. గడ్డం, కళ్ళజోడు, ఓపిగ్గా వినే తీరు, పిలిస్తే ఇంటికి వచ్చే అలవాటు. ఆ ఊళ్ళో ఆయన మాటకు ఎదురు లేదు.

పేరు డాక్టర్ హెరాల్డ్ షిప్‌మన్.

సీరియల్ కిల్లర్ అనగానే మన కళ్ళముందు మెదిలే బొమ్మ ఒకటుంది. అర్ధరాత్రి, వాన, చేతిలో కత్తి, పోలీసులకు సవాలు విసిరే ఉత్తరం. పట్టుబడనివాడైతే ఇక చెప్పక్కర్లేదు, మేధావి అయి ఉంటాడని మనమే బిరుదు ఇచ్చేస్తాం. షిప్‌మన్ దాక్కోలేదు. చంపిన చోటే తన పేరు రాసి సంతకం పెట్టాడు. ఇరవై మూడేళ్ళు దాదాపు ప్రతిసారీ పెట్టాడు. ఆ సంతకాలన్నీ సర్కారు దస్త్రాల్లోనే ఉన్నాయి. వాటిని ఒకచోట పేర్చి లెక్కబెట్టినవాడే లేడు.

అలాగని అనుమానపడ్డవాళ్ళు లేకపోలేదు.

హైడ్‌లో ఒక టాక్సీ డ్రైవరు ఉండేవాడు. అతని బేరాలన్నీ పెద్దావిడలవే. బజారుకు, ఆస్పత్రికి, చుట్టాలింటికి తిప్పుతూ వాళ్ళకు ఇంటి మనిషిలా అయిపోయాడు. నిన్నటిదాకా నవ్వుతూ బండెక్కినావిడ చనిపోయిందని ఇవాళ వినేవాడు. ఒకరా ఇద్దరా అనుకుంటూ పోగా పోగా, చనిపోయిన వాళ్ళందరికీ డాక్టరు ఒకడేనని తట్టింది. ఇంట్లో కూర్చుని పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాడు. జాబితా ఇరవై దాటింది. భార్యకు చెప్పాడు గానీ పోలీసులకు చెప్పలేదు. ఊరంతా దేవుడిలా చూసే డాక్టరు మీద ఓ టాక్సీవాడు నిందేస్తే ఎవరు నమ్ముతారు? అతని భయం తప్పని అనలేం. మీరైనా నేనైనా ఏం చేసేవాళ్ళమో గుండె మీద చెయ్యి వేసుకుని ఆలోచించుకోవాలి.

రెండో అనుమానం శవాల దగ్గర పుట్టింది. హైడ్‌లో అంత్యక్రియలు నడిపించే కుటుంబం ఒకటి ఉంది. చావు చూడటం వాళ్ళకు రోజువారీ పని. రోగంతో పోయిన మనిషి ఎలా ఉంటుందో వాళ్ళకు తెలుసు: మంచం, నైట్ గౌను, పక్కన మందు సీసాలు. షిప్‌మన్ పేషెంట్లు అలా ఉండేవారు కాదు. కుర్చీలోనో సోఫాలోనో, పూర్తిగా బట్టలు వేసుకుని, టీవీ చూస్తూ కునుకు తీసినట్టు ఉండేవారు. జబ్బు పడ్డ జాడే ఇంట్లో కనిపించేది కాదు. ఆ కుటుంబ పెద్ద ఉండబట్టలేక డాక్టరు దగ్గరికే వెళ్ళి అడిగాడు. డాక్టరు తొణకలేదు. ధ్రువపత్రాల పుస్తకం తీసి ముందు పెట్టి, కావాలంటే ఎవరైనా చూసుకోవచ్చన్నాడు. పెద్దాయన కుదుటపడి ఇంటికొచ్చాడు. కూతురు మాత్రం కుదుటపడలేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బ్రిటన్‌లో అప్పట్లో శవాన్ని దహనం చేయాలంటే ఇంకో డాక్టరు కూడా చూసి రెండో సంతకం పెట్టాలి. తప్పు జరగకుండా పెట్టిన నియమమది. దానికి కొంత రుసుము ముట్టేది. డాక్టర్లు వేళాకోళంగా దాన్ని 'బూడిద డబ్బులు' అనేవారు. ఆ పేరులోనే ఆ తనిఖీ ఎంత శ్రద్ధగా జరిగేదో తెలిసిపోతోంది. షిప్‌మన్ ఫారాల మీద రెండో సంతకం పెట్టేది రోడ్డుకు అవతలున్న బ్రూక్ సర్జరీ డాక్టర్లు. అలా సంతకానికి వచ్చిన ఒక లేడీ డాక్టరుతో ఆ కూతురు తన మనసులో మాట చెప్పింది. ఆవిడ వెళ్ళి తోటి డాక్టరు లిండా రేనాల్డ్స్‌తో అంది.

రేనాల్డ్స్ ఆ క్లినిక్‌లో కొత్తగా చేరిన మనిషి. షిప్‌మన్‌ను చూసి మురిసిపోయే అలవాటు ఇంకా అంటలేదు. ఆవిడ కాగితాలు ముందేసుకుని కూర్చుంది. బ్రూక్ సర్జరీకి దాదాపు పదివేలమంది పేషెంట్లు. మూడు నెలల్లో అక్కడ చనిపోయినవాళ్ళు 14 మంది. షిప్‌మన్ ఒక్కడికీ ఉన్నది సుమారు మూడువేలమంది. అదే మూడు నెలల్లో అతని కోసం వీళ్ళు సంతకం పెట్టిన దహనం ఫారాలు 16.

పెద్ద గణితం అక్కర్లేదు. కిరాణా కొట్టు పద్దు రాసేవాడికైనా అర్థమయ్యే తేడా ఇది.

అదే 1998 మార్చి 24న రేనాల్డ్స్ కరోనర్‌కు ఫోన్ చేసింది. అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి ఆయన. ఆయన పోలీసులకు చెప్పాడు. దర్యాప్తు మొదలైంది, గుట్టుగా. డాక్టరు మనసు కష్టపెట్టకూడదు కదా! ఆ గుట్టే కొంప ముంచింది. రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మరణాల లెక్క పూర్తిగా అందలేదు. పోలీసులు చనిపోయిన వాళ్ళ వైద్య రికార్డులు కొన్ని ఆరోగ్యశాఖ సలహాదారుకు చూపించారు. ఆయన చూసి పెద్దగా తప్పేమీ లేదన్నాడు. ఆ రికార్డులు రాసింది ఎవరు? షిప్‌మనే. గల్లాపెట్టె కాజేసినవాడు రాసిన పద్దునే చూసి జమాఖర్చు సరిపోయిందన్నట్టు.

పోలీసులు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ఏ కానిస్టేబులైనా చేసేది. షిప్‌మన్ మీద పాత కేసులున్నాయేమో చూడటం. ఉంది. అంతకు ముందు టాడ్మర్డెన్ అనే ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు, పెథిడిన్ అనే మత్తుమందును దొంగ చీటీలు రాసి తెచ్చుకుని తానే పొడుచుకున్నాడు. 1976లో కోర్టు 600 పౌన్లు జరిమానా వేసింది. వైద్య మండలి హెచ్చరించి వదిలేసింది. మరుసటి ఏడే హైడ్‌లో ఉద్యోగంలో చేరాడు. 1998లో ఆ పాత ఫైలు ఎవరూ తియ్యలేదు. రేనాల్డ్స్ ఫోన్ చేసిన రోజు షిప్‌మన్ పేషెంట్లు ఇద్దరి శవాలు ఇంకా దహనం కాకుండా ఉన్నాయి. పోస్టుమార్టం చేసి ఉంటే ఆట అక్కడితో కట్టు. చెయ్యలేదు. దహనం అయిపోయింది.

ఏప్రిల్ 17న దర్యాప్తు మూసేశారు. ఆ తర్వాత మే 11న ఒకావిడ, జూన్ 12న ఇంకొకావిడ పోయారు. జూన్ 24న మన కథ మొదలైన సోఫాలో కాథ్లీన్ గ్రండీ.

గ్రండీ కూతురు వృత్తిరీత్యా లాయరు. ఈ కథలో షిప్‌మన్ లెక్కలో వేసుకోని సంగతి ఇది. తల్లి పోయిన కొద్దిరోజులకు హైడ్‌లోని ఒక న్యాయవాదుల ఆఫీసుకు చేరిన వీలునామా సంగతి ఆవిడకు తెలిసింది. యావదాస్తి, మొత్తం 3,86,000 పౌన్లు, డాక్టరుకు చెందాలట! తల్లి అసలు వీలునామా ఏళ్ళ కిందటే రాయించింది, అది కూతురి ఆఫీసులోనే భద్రంగా ఉంది. ఈ కొత్త కాగితం చూస్తే అక్షరాలు అడ్డదిడ్డంగా కొట్టి ఉన్నాయి. ప్రతి పనీ పొందిగ్గా చేసుకునే అమ్మ ఇలాంటి చిత్తుకాగితం మీద సంతకం పెట్టడమేమిటి? కూతురికి ఆ ఊహే రుచించలేదు. సాక్షుల్ని వెతుక్కుంటూ వెళ్ళింది. వాళ్ళు షిప్‌మన్ క్లినిక్‌లో తమ వంతు కోసం కూర్చున్న పేషెంట్లు. డాక్టరు గారు పిలిచి ఏదో కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టారు.

ఈసారి పోలీసులు గుట్టు పాటించలేదు. ఆగస్టు 1, తెల్లవారకముందే, దీపాల వెలుగులో గ్రండీ సమాధి తవ్వారు. ఆవిడను దహనం చెయ్యలేదు, పూడ్చారు. ఆ ఒక్క తేడా లేకపోతే ఈ గాథ నేను రాసేవాణ్ణీ కాదు, మీరు చదివేవాళ్ళూ కాదు. క్లినిక్‌లో సోదా చేస్తుంటే డాక్టరు ఓ పాత బ్రదర్ టైప్‌రైటరు తానే తీసిచ్చాడు. గ్రండీ గారు అప్పుడప్పుడు అడిగి తీసుకెళ్ళేవారని జత చేశాడు. వీలునామా కొట్టింది దానిమీదే. కాగితం మీద డాక్టరు వేలిముద్ర ఉంది. గ్రండీది లేదు.

ల్యాబు నుంచి ఫలితం వచ్చింది. శరీరంలో మార్ఫిన్, మనిషిని చంపేటంత. కాన్సర్ రోగుల నొప్పికి ఇచ్చే డయామార్ఫిన్ సూదిమందు ఒంట్లోకి వెళ్ళాక మార్ఫిన్‌గా మారుతుంది, శవంలోనూ చాలాకాలం నిలుస్తుంది. విషాలన్నిటిలో ఇలా జాడ వదిలేదాన్నే ఒక డాక్టరు ఎంచుకున్నాడంటే, శవాన్ని ఎవరూ కొయ్యరని అతనికి ఎంత ధీమానో చూడండి. ఆ మందు ఎక్కడిదంటే, చనిపోయిన కాన్సర్ రోగుల ఇళ్ళలో మిగిలిపోయిన ఆంప్యూళ్ళు పారేస్తానని తెచ్చుకునేవాడు. కొన్నిసార్లు అవసరానికి మించి రాసి తెప్పించి దాచుకునేవాడు.

సెప్టెంబరు 7న అరెస్టు చేశారు. గ్రండీకి మత్తు అలవాటు ఉందేమోనని తనకు ఎప్పుడో అనుమానం వచ్చిందంటూ పాత నోట్సు చూపించాడు. అప్పుడు పోలీసులు అతని కంప్యూటర్ తెరిచారు. ఇంకో పేషెంటు చనిపోయిన రోజునే, వెనక తేదీ వేసి, ఈవిడకు ఏడాదిగా గుండెనొప్పి అంటూ ఎక్కించిన వివరాలు అందులో ఉన్నాయి. తేదీ ఏది వేసినా, కీలు నొక్కిన అసలు గంటా నిమిషం ఆ యంత్రం తన లోపల విడిగా రాసి పెట్టుకుంటుందని డాక్టరుకు తెలియదు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్క పేజీ ముందు పెడుతుంటే గుర్తులేదన్నాడు. ఊళ్ళో తనకన్నా తెలివైనవాడు లేడనుకున్న మనిషికి దక్కిన జవాబు అదొక్కటే.

ప్రెస్టన్ కోర్టులో 1999 అక్టోబరు 5న విచారణ మొదలైంది. 2000 జనవరి 31న మోపిన 15 హత్యలకూ దోషి అని తీర్పొచ్చింది. 15 యావజ్జీవాలు, వీలునామా ఫోర్జరీకి వేరే నాలుగేళ్ళు. అంత్యక్రియల కుటుంబం అనుమానం, టాక్సీవాడి జాబితా, రేనాల్డ్స్ లెక్క, అన్నీ నిజమయ్యాయి. టాక్సీ డ్రైవరు తన కాగితం పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళింది వార్త పొక్కాకే, ఆగస్టులో. రేనాల్డ్స్ తీర్పు వచ్చిన ఏడాదే కాన్సర్‌తో కన్నుమూసింది.

మొత్తం ఎందరు? జడ్జి జానెట్ స్మిత్ నాయకత్వంలో కూర్చున్న విచారణ సంఘం 2002లో 215 అని తేల్చింది. అందులో 171 మంది ఆడవాళ్ళు. అందరికన్నా చిన్నవాడికి 41, పెద్దావిడకు 93. చివరికి ఆ సంఖ్య దాదాపు 250 ఉండొచ్చంది. అతని పేషెంట్లు ఏ వేళలో చనిపోయారో గీత గీసి చూస్తే, తక్కిన డాక్టర్ల పేషెంట్లు రోజంతా సమానంగా పోతుంటే, షిప్‌మన్ పేషెంట్లు మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో గుంపుగా కనిపిస్తారు. డాక్టరు ఇళ్ళకు వెళ్ళి చూసే వేళ అది. డేవిడ్ స్పీగెల్‌హాల్టర్ అనే గణాంక శాస్త్రవేత్త తన తోటివారితో కలిసి ఆ లెక్కల్ని మళ్ళీ వేసి చూశాడు. డాక్టర్ల వారీగా మరణాలు పోల్చే ఏర్పాటు ఒకటి ఉండి ఉంటే 1984 నాటికే గంట మోగేదన్నాడు. అప్పటికి అతను చంపింది నలభైమంది లోపే.

ఎందుకు చంపాడన్నదానికి మాత్రం జవాబు లేదు. షిప్‌మన్‌కు 17 ఏళ్ళప్పుడు తల్లి కాన్సర్‌తో పోయింది. ఫ్యామిలీ డాక్టరు వచ్చి మార్ఫిన్ సూది ఇస్తుంటే ఆ పిల్లవాడు చూసేవాడు. అక్కడే బీజం పడిందని కొందరంటారు. మరి అన్నాళ్ళు లేనిది ఆ చెత్త వీలునామా ఎందుకు కొట్టాడు? పట్టుబడాలనే కొట్టాడని కొందరు, డబ్బు తీసుకుని పారిపోదామనుకున్నాడని కొందరు. నాకైతే అందులో అంత మర్మం కనిపించదు. ఇరవై మూడేళ్ళు ఏది రాసినా జనం నమ్మారు, ఇదీ నమ్ముతారనుకున్నాడు. అతను నోరు విప్పలేదు. 2004 జనవరి 13న వేక్‌ఫీల్డ్ జైల్లో ఉరేసుకున్నాడు. మర్నాడు అతని 58వ పుట్టినరోజు.

మన దగ్గర ఇలా జరగదని ధీమా పడేవాళ్ళకు ఒక్క మాట. మన దేశంలో నమోదయ్యే మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించేవి నాలుగో వంతు కూడా లేవు. అక్కడ కనీసం తప్పు కాగితమైనా ఉంది.

షిప్‌మన్ అరెస్టయిన 26 ఏళ్ళకు, 2024 సెప్టెంబరు 9న, ఇంగ్లండ్, వేల్స్‌లలో కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. కరోనర్ దాకా వెళ్ళని ప్రతి మరణాన్నీ, ధ్రువపత్రం రాసిన డాక్టరుతో సంబంధం లేని ఇంకో డాక్టరు పరిశీలించాలి. ఇంట్లోవాళ్ళకు ఏమైనా అనుమానం ఉందేమో అడిగి తెలుసుకోవాలి.