మారుపేరు మీద నడిచిన స్నేహం

ఈసారి వ్యాసం కాస్త పొడుగే. తీరిక చేసుకుని చదవమని మనవి.

చరిత్ర అనగానే మనకు రాజులు, వలసలు, దానశాసనాలు గుర్తుకొస్తాయి. ఈసారి వాటిని పక్కనపెట్టి, అమెరికాలో ఇద్దరు పుస్తకాల పిచ్చివాళ్ళ మధ్య నడిచిన ఉత్తరాల గురించి రాస్తున్నాం. ఇద్దరూ సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ళు. ఒకరి పేరు జోఆనా రస్. రెండోవారి పేరు జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్. పేరు మగవాడిదే గాని, ఆ పేరు వెనక ఉన్న మనిషి ఆలిస్ షెల్డన్ అనే ఆవిడ. కొన్నేళ్ళపాటు ఆ సంగతి రస్‌కు కూడా తెలియదు.

షెల్డన్ 1915లో షికాగోలో పుట్టారు. తల్లి మేరీ హేస్టింగ్స్ బ్రాడ్లీ పేరున్న రచయిత్రి. పసితనంలోనే తల్లిదండ్రులతో ఆఫ్రికా చూసి వచ్చిన పిల్ల ఆవిడ. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరి, విమానాల నుంచి తీసిన ఫోటోలు చూసి శత్రువుల జాడ పసిగట్టే విభాగంలో పనిచేశారు. 1952 నుంచి 1955 దాకా సి.ఐ.ఏ.లో ఉద్యోగం చేశారు. తర్వాత మళ్ళీ చదువుకుని 1967లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. యాభై దాటాక కథలు పత్రికలకు పంపడం మొదలుపెట్టారు. అప్పుడు సొంత పేరు పెట్టలేదు. మార్మలేడ్ సీసా మీద కనిపించిన 'టిప్‌ట్రీ' అనే మాట తీసుకుని పేరు చేసుకున్నారు. 'జూనియర్' అని తోక తగిలించింది భర్త. 1968లో మొదటి కథ అచ్చయింది. ఉత్తరాలకు ఇంటి చిరునామా ఇవ్వకుండా పోస్టు బాక్సు నంబరు ఇచ్చేవారు. ఫోను లేదు, సభలకు రావడం లేదు. ఉత్తరాల్లో మాత్రం హుషారైన, మర్యాదస్తుడైన పెద్దమనిషి.

రస్ 1937లో న్యూయార్క్‌లో పుట్టారు. కార్నెల్, యేల్ విశ్వవిద్యాలయాల్లో చదివి, కాలేజీ పిల్లలకు పాఠాలు చెబుతూ రాసేవారు. మాట పదును, ఎవరినీ లెక్కచేయని మనిషి. 1972లో వచ్చిన ఆవిడ కథ 'వెన్ ఇట్ చేంజ్డ్' నెబ్యులా బహుమతి తెచ్చుకుంది. 'వైల్‌అవే' అనే గ్రహం మీద కొన్ని వందల ఏళ్ళ క్రితం మగవాళ్ళంతా జబ్బుచేసి పోయారు. ఆడవాళ్ళే పొలాలు దున్నుతారు, యంత్రాలు నడుపుతారు, ఒకరినొకరు పెళ్ళాడి పిల్లల్ని పెంచుతారు. ఒకరోజు భూమి నుంచి మగవాళ్ళు దిగుతారు. మీకిక కష్టాలు తీరాయన్న ధోరణిలో మాట్లాడతారు. అక్కడివాళ్ళకు కష్టమే లేదన్న సంగతి వాళ్ళ బుర్రకెక్కదు. తమ ఇంటిని, తమ పెళ్ళిని ఎవరో వచ్చి 'లోపం' అని పిలిచినప్పుడు ఒక తల్లి గుండెలో పుట్టే భయమే ఆ కథంతా.

ఆ రోజులు ఎలాంటివో కూడా గుర్తుచేసుకోవాలి. ఒక ఆడది ఇంకొక ఆడదాన్ని ప్రేమించడాన్ని అమెరికాలో వైద్యులే జబ్బుల పట్టికలో రాసుకున్న కాలం అది. అక్కడి మనోవైద్యుల సంఘం ఆ మాటను పట్టికలోంచి తీసేసింది 1973 డిసెంబరులో. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఈ ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. కథలు ఎలా రాయాలి, కోపాన్ని ఏం చేసుకోవాలి, మగవాళ్ళ లోకంలో ఆడవాళ్ళ చోటు ఎక్కడ అన్నవే వాళ్ళ కబుర్లు. రస్ దృష్టిలో టిప్‌ట్రీ ఆడవాళ్ళ బాధ కొంత అర్థం చేసుకున్న మంచి మగవాడు. ఎక్కడైనా మగబుద్ధి చూపించినట్టు తోస్తే మందలించేవారు కూడా.

1973లో టిప్‌ట్రీ కథ 'ది విమెన్ మెన్ డోంట్ సీ' వచ్చింది. కథ చెప్పేవాడు మగవాడు. మెక్సికోలో యూకటాన్ తీరంలో చిన్న విమానం కూలి, అతనితోపాటు ఒక తల్లి, కూతురు చిక్కుకుంటారు. వేరే లోకం జీవులు ఎదురైతే అతను తుపాకీ తీస్తాడు. ఆ తల్లీకూతుళ్ళు మాత్రం తమను తీసుకుపొమ్మని ఆ జీవులనే అడుగుతారు. ఊరూ పేరూ తెలియని గ్రహానికి పోవడం ఇక్కడ బతకడం కంటే నయమని వాళ్ళ లెక్క. అది వాళ్ళకెందుకు నయమో అతనికి చివరిదాకా అర్థం కాదు. ఒక మగవాడు ఇంత చక్కగా రాశాడే అని లోకం మెచ్చుకుంది. ఆ మెప్పు తన మారుపేరుకు దక్కకూడని మెప్పని షెల్డన్‌కు తోచి, కథను నెబ్యులా పోటీ నుంచి వెనక్కి తీసుకున్నారు.

1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అనే పెద్ద రచయిత టిప్‌ట్రీ కథల పుస్తకానికి ముందుమాట రాస్తూ, ఈ రచయిత ఆడమనిషని కొందరు అనుకుంటున్నారు గాని ఆ శైలిలో మగతనం స్పష్టంగా ఉందని వాదించారు. తర్వాత నిజం తెలిశాక పొరపాటు పడ్డానని హుందాగా ఒప్పుకున్నారు. ఈ ముచ్చట అందరూ నవ్వుకుంటూ చెప్పుకునేదే. మాకు మాత్రం దాని వెనక ఉన్న ఒంటరితనమే ఎక్కువ కనిపిస్తుంది. ఆడవాళ్ళు, సైన్స్ ఫిక్షన్ అనే విషయం మీద అప్పట్లో రచయితల మధ్య ఉత్తరాల చర్చ ఒకటి నడిచింది. రస్, అర్సులా లెగ్విన్, శామ్యూల్ డిలేనీ అందులో ఉన్నారు. టిప్‌ట్రీ కూడా ఉన్నారు, 'మగవాడి' హోదాలో. తన సొంత జీవితం గురించి తనే పరాయివాడిలా మాట్లాడాల్సి రావడం ఎంత కష్టమో ఊహించండి.

1976 చివర్లో ముసుగు తొలగింది. తల్లి చనిపోయిన సంగతి టిప్‌ట్రీ ఉత్తరాల్లో చెప్పుకున్నారు. ఆవిడ షికాగో రచయిత్రి అన్న చిన్న ఆధారం పట్టుకుని పాఠకులు పత్రికల్లో మరణవార్తలు వెతికి అసలు పేరు కనిపెట్టేశారు. స్నేహితులందరూ దూరమవుతారని షెల్డన్ భయపడ్డారు. అలా జరగలేదు. లెగ్విన్ ఆ వార్త విని సంతోషించారు. రస్‌తో ఉత్తరాలు ఆగలేదు. 1980లో రస్‌కు రాసిన ఒక ఉత్తరంలో, తన మనసు చిన్నప్పటినుంచీ ఆడవాళ్ళ వైపే పోయేదని షెల్డన్ చెప్పుకున్నారు. అప్పటికి ఆవిడ వయసు అరవై అయిదు ప్రాంతం. భర్త ఉన్నారు, ఆయనంటే గౌరవం ఉంది, ప్రేమా ఉంది. అయినా ఈ మాట చెప్పుకోవడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. రస్ ఆ మాటను దాచుకోకుండా బతుకుతున్న మనిషి. అందుకే చెప్పగలిగారని మా అభిప్రాయం.

షెల్డన్ ముగింపు విషాదం. 1987 మే నెలలో, మంచాన పడి చూపు పోయిన భర్తను కాల్చి, తనను కూడా కాల్చుకుని చనిపోయారు. రస్ 2011లో పోయారు. ఇద్దరి కాగితాలూ, లెగ్విన్ కాగితాలూ ఇవాళ ఆరెగాన్ విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఒకే చోట భద్రంగా ఉన్నాయి.

ఇక లెగ్విన్ పుస్తకం గురించి ఒక మాట చెప్పాలి. అందులో మన భాష ముచ్చట ఉంది. 1969లో వచ్చిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' నవలలో ఒక మంచు గ్రహం ఉంటుంది. అక్కడి మనుషులు మామూలు రోజుల్లో ఆడా కాదు, మగా కాదు. నెలకు కొద్దిరోజులు ఏదో ఒకటి అవుతారు. ఒకే మనిషి ఒక బిడ్డకు తల్లి, ఇంకో బిడ్డకు తండ్రి కావచ్చు. ఇంగ్లీషులో రాసేటప్పుడు లెగ్విన్ వాళ్ళందరినీ 'అతను' అనే అన్నారు. దాని మీద విమర్శ వచ్చింది. మొదట 1976లో ఆవిడ సమర్థించుకున్నారు. పదేళ్ళు పోయాక మనసు మార్చుకుని ఆ సంగతి అచ్చులోనే చెప్పారు.

తెలుగులో రాస్తే? 'అతను వచ్చాడు' ఒక దారి. 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' రెండూ ఒకే దారి. మన చుట్టూ ఉన్న తమిళంలో ఆమెకు 'వందాళ్', బండికి 'వందదు'. కన్నడంలో ఆమెకు 'బందళు', బండికి 'బంతు'. మన వ్యాకరణం ఏకవచనంలో ఆడవాళ్ళను బండితో కట్టేసిందని అక్కడివాళ్ళు మనల్ని ఆటపట్టిస్తే తప్పు పట్టలేం. కాని గౌరవం ఇచ్చామంటే 'వారు వచ్చారు' అంటాం. అక్కడ ఆడా లేదు, మగా లేదు. లెగ్విన్ వెతుక్కున్న మాట మన ఇళ్ళల్లో రోజూ పెద్దల్ని పలకరించే మాటే.

ఇక్కడ కొందరు పెద్దలు అడిగే ప్రశ్న ఉంది. "ఇదంతా పరాయి గొడవ, మనకెందుకు నాయనా?" అని. అడగాల్సిన ప్రశ్నే. జవాబు మన చరిత్రలోనే ఉంది.

తంజావూరు దగ్గర మెలట్టూరులో మన తెలుగువాళ్ళు తరతరాలుగా భాగవతమేళం ఆడుతున్నారు. మెలట్టూరు వెంకటరామశాస్త్రి గారి తెలుగు నాటకాలు అవి. ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. ఆంధ్ర దేశంలో స్థానం నరసింహారావు గారు, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ గారు సత్యభామ వేషంతో పద్మశ్రీ దాకా వెళ్ళారు. 1957లో మద్రాసులో తీసిన 'మాయాబజార్' తీసుకోండి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ఎత్తితే, ఆ ఆడరూపంలోని మగ రాక్షసుడిని సావిత్రి గారు నటించారు. నడక, చూపు, మీసం దువ్వుకునే అలవాటు తలుచుకుని ఇవాళ్టికీ ఇంటిల్లిపాదీ నవ్వుకుంటాం. 1963 'నర్తనశాల'లో ఎన్టీఆర్ గారు బృహన్నల. భారతం ఆనుశాసనిక పర్వంలో భంగాస్వనుడి కథ ఉంది. ఇంద్రుడి కోపానికి ఆడదిగా మారిన రాజు, తిరిగి మగవాడివి అవుతావా అని అదే ఇంద్రుడు అడిగితే, వద్దు ఇలాగే ఉంటానంటాడు. ఇంతకంటే పెద్ద సైన్స్ ఫిక్షన్ ఏం కావాలి?

అయితే కథలో ఆదరించిన వాళ్ళను ఇంట్లో ఆదరించామా అంటే లేదు. నేరమని రాసిన 377 సెక్షన్ 1860 నాటి ఇంగ్లీషువాళ్ళ శిక్షాస్మృతిలోది. నిజాం రాజ్యంలో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో ఎక్కించే చట్టం 1919లో వచ్చింది. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది మొన్న 2023లో. 377ను పెద్దవాళ్ళ ఇష్టపూర్వకమైన సంబంధాలకు వర్తించకుండా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. మేముండే తమిళనాడు 2008లోనే ట్రాన్స్‌జెండర్ల సంక్షేమ బోర్డు పెట్టింది. అదీ చెప్పుకోవాలి. తమిళనాట పుట్టిన ఎ. రేవతి ఆత్మకథను పి. సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేస్తే, 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. చట్టం మారింది, పుస్తకం వచ్చింది. ఇంట్లో మాట ఇంకా రాలేదు.

మన మద్రాసుకు ఇంకా దగ్గరి ముచ్చట ఒకటుంది. రస్ పుట్టడానికి ముప్పై ఏళ్ళ ముందే, 1905లో, బెంగాల్‌కు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్ 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథ రాశారు. ఆడవాళ్ళు సూర్యరశ్మితో వంట చేస్తూ, శాస్త్రబలంతో రాజ్యం నడుపుతుంటారు. మగవాళ్ళు ఇళ్ళలో పరదా చాటున ఉంటారు. కథంతా ఇద్దరు ఆడవాళ్ళు వీధుల్లో నడుస్తూ చెప్పుకునే కబుర్లే. ఆ కథ మొదట అచ్చయింది మద్రాసులో, 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. దాన్ని నడిపిన సంపాదకురాలు కమలా సత్యనాథన్, రాజమండ్రిలో పుట్టిన తెలుగు ఆడపడుచు. అది ఆడవాళ్ళ మధ్య ప్రేమ కథ కాదు. కాని ఆడ, మగ పనులు తారుమారైతే లోకం ఎలా ఉంటుందని అడిగిన తొలి కథల్లో ఒకదాన్ని అచ్చువేసిన చేయి మన తెలుగు చేయి.

తరాలుగా పరభాష నడుమ బతుకుతున్న వాళ్ళం మనం. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట. బడిలో ఒక పేరు, అమ్మమ్మ పిలిచే పేరు ఇంకొకటి. బయట తెలుగు మాట్లాడితే ఎవరేమనుకుంటారోనని గొంతు తగ్గించుకున్న రోజులు మన కుటుంబాల్లో చాలామందికి తెలుసు. ఆ రెండూ ఒకటని మేము అనడం లేదు. మనకు గొంతు తగ్గించాల్సింది వీధిలో. ఆ పిల్లలకు తగ్గించాల్సింది సొంత ఇంట్లో. చిన్న సంఘం మనది. సంబంధాలు కుదరాలి, నలుగురిలో తలెత్తుకోవాలి అనే బరువు పిల్లల మీద ఎక్కువ. మన సంఘంలోనూ అలాంటి పిల్లలు ఉంటారు. లేరనుకుంటే వాళ్ళు మనకు కనిపించలేదని అర్థం. షెల్డన్‌కు రస్ లాంటి స్నేహితురాలు ఒక్కరు దొరకడానికి అరవై ఏళ్ళు పట్టింది. మన పిల్లలకు అంతకాలం పట్టకూడదని మా కోరిక.

పెద్ద తీర్మానాలు ఏమీ అడగడం లేదు. వచ్చే నెల చదువరుల కూటమికి 'సుల్తానాస్ డ్రీమ్' పెట్టుకుందాం. గంటలో చదవగలిగే కథే. ఇంగ్లీషు రానివారికి మేము తెలుగులో చెబుతాం. పెద్దవాళ్ళు రండి, పిల్లల్ని తీసుకురండి. ఒప్పుకోని వారు కూడా వచ్చి వాదించండి. ఆ రోజు ఎవరైనా మీ పక్కన కూర్చుని తమ సంగతి ఏదైనా చెప్పుకుంటే, జవాబు చెప్పే ముందు చివరిదాకా వినండి. అంతే మా మనవి.