పప్పీ ఫుడ్ ఎప్పుడు మానాలి? ప్యాకెట్ మీద ఉన్న అంకె వెనక 160 ఏళ్ల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ కుక్కని పెంచే ప్రతి ఇంట్లో వచ్చే ఒక ప్రశ్న మీద. "మా కుక్కపిల్లకి ఏడాది నిండబోతోంది, పప్పీ ఫుడ్ ఆపేసి అడల్ట్ ఫుడ్ మొదలుపెట్టొచ్చా?" ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ అసలు కుక్క తిండిని వయసుని బట్టి ఎవరు, ఎందుకు విడగొట్టారో తెలిస్తే, మీ కుక్కకి ఏది సరిపోతుందో మీరే లెక్కేసుకోగలరు. లెక్క తప్పితే దెబ్బ పడేది దాని కీళ్ల మీద, అది కూడా జీవితాంతం.

మన ఊళ్లలో కుక్కపిల్ల తల్లి పాలు మానగానే ఏం తింటుంది? ఇంట్లో మిగిలిన అన్నం, మజ్జిగ, ఆదివారం అయితే ఎముకలు. పెద్ద కుక్కకీ అదే. ప్రపంచమంతా దాదాపు ఇలాగే ఉండేది.

మార్పు 1860ల్లో లండన్‌లో మొదలైంది. జేమ్స్ స్ప్రాట్ అని ఒక అమెరికన్, ఇళ్ల మీద పిడుగు పడకుండా పెట్టే కడ్డీలు అమ్ముకోవడానికి అక్కడికి వెళ్లాడు. ఓడరేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లని కుక్కలు ఎగబడి తినడం చూశాడని చెప్తారు. ఆయన గోధుమపిండి, కూరగాయలు, బీట్రూట్, ఎండు మాంసం కలిపి కుక్క బిస్కెట్లు చేసి అమ్మాడు. కొన్నది ఎవరు? వేట కుక్కల్ని పెంచే పెద్ద దొరలు. ఇంకో తమాషా, ఆ కంపెనీలో పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ అనే కుర్రాడే తర్వాత ప్రపంచంలో అతి పేరున్న కుక్కల షో, క్రఫ్ట్స్, మొదలుపెట్టాడు.

తర్వాత సీన్ అమెరికాకి మారింది. 1922లో కెన్-ఎల్ రేషన్ అని డబ్బాల్లో గుర్రం మాంసం వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది, పొలాల్లోకి ట్రాక్టర్లు వచ్చేశాయి, పని లేని గుర్రాలు బోలెడు మిగిలిపోయాయి. రెండో ప్రపంచ యుద్ధంలో డబ్బాల రేకుకి కరువు రావడంతో జనం పొడి తిండి వైపు తిరిగారు. 1957లో ప్యూరినా డాగ్ చౌ మార్కెట్లోకి వచ్చింది. పిండిని వేడి చేసి, ఒత్తిడితో సన్నని రంధ్రం గుండా తోస్తే బయటికి రాగానే పొంగుతుంది. మన కుర్‌కురేలాంటివి తయారయ్యే పద్ధతే. ఇవాళ మనం గిన్నెలో పోసే గుళికలు అలా పుట్టినవే.

ఇక్కడిదాకా అందరి ఆలోచన ఒక్కటే: ఎదిగే పిల్ల కదా, ఎంత బలమైన తిండి పెడితే అంత మంచిది. మన అమ్మమ్మలు మనకి చెప్పిందీ అదే కదా! కంపెనీలు కూడా పప్పీలకి ప్రోటీన్, క్యాల్షియం దండిగా వేసిన వేరే సంచీలు అమ్మాయి.

ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది 1974లో కార్నెల్ యూనివర్సిటీ నుంచి వచ్చిన ఒక పరిశోధన. గ్రేట్ డేన్ పిల్లల్ని తీసుకున్నారు. అందరికీ ఒకే బలమైన తిండి. కొన్నింటికి ఎంత కావాలంటే అంత, మిగతావాటికి అందులో మూడింట రెండు వంతులే. కడుపునిండా తిన్నవి గబగబా పెరిగాయి, చూడ్డానికి దిట్టంగా ఉన్నాయి. కానీ ఎముకల జబ్బులు ఎక్కువగా వచ్చింది వాటికే.

ఎందుకలా? ఎముక చివర్లలో చెవి కొసలా మెత్తగా ఉండే భాగం ఉంటుంది, దాన్ని గ్రోత్ ప్లేట్ అంటారు. ఎముక పొడవు పెరిగేది అక్కడే. పెరుగుదల పూర్తయ్యాక అది గట్టిపడి మూసుకుపోతుంది. అది మూసుకోకముందే ఒంటి బరువు ఎక్కువైతే ఆ మెత్తని భాగం తట్టుకోలేదు. 1980ల్లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ యూనివర్సిటీ వాళ్లు ఇంకో ముక్క కనిపెట్టారు. పెద్ద కుక్కకి క్యాల్షియం ఎక్కువైతే పేగులు తక్కువ పీల్చుకుని సర్దుకుంటాయి. చిన్న పిల్లకి ఆ అదుపు సరిగ్గా ఉండదు. ఎంత పెడితే అంత లోపలికి వెళ్లి ఎముకల్ని పాడుచేస్తుంది.

అందుకే, మంచి ప్యాకెట్ ఫుడ్ తినే ల్యాబ్ పిల్లకో జర్మన్ షెపర్డ్ పిల్లకో మళ్లీ పైనుంచి క్యాల్షియం సిరప్ పోయకండి. ఇంట్లో వండిన అన్నం, చికెన్ పెట్టేవాళ్ల సంగతి వేరు, అందులో క్యాల్షియం తక్కువ. అక్కడ ఎంత ఇవ్వాలో డాక్టర్ చెప్పాలి.

ఇప్పుడు అసలు ట్విస్ట్. ఇదంతా విని చాలామంది "అయితే పెద్ద జాతి పిల్లని నాలుగైదు నెలలకే అడల్ట్ ఫుడ్‌లోకి మార్చేద్దాం, నెమ్మదిగా పెరుగుతుంది" అంటారు. వినడానికి లాజిక్ బాగుంది. కానీ అమెరికాలో పశువుల ఆహార ప్రమాణాలు రాసే ఆఫ్కో అంకెలు చూడండి. తేమ తీసేసి లెక్కేస్తే ప్రోటీన్ పప్పీకి కనీసం 22.5 శాతం, పెద్దదానికి 18 శాతం. క్యాల్షియం పప్పీకి కనీసం 1.2, పెద్దదానికి 0.5. మరి గరిష్ఠం? అడల్ట్ ఫుడ్‌లో 2.5 శాతం దాకా ఉండొచ్చు. పెరిగాక 32 కిలోలు దాటే జాతుల పిల్లలకి మాత్రం 1.8 దాటకూడదని 2016లో ప్రచురించిన ప్రమాణాల్లో పెట్టారు. అంటే తొందరపడి అడల్ట్ ఫుడ్‌కి మారిస్తే, మీరు తప్పించుకోవాలనుకున్న క్యాల్షియమే ఎక్కువ పడే అవకాశం ఉంది! అలాంటి పిల్లకి కావాల్సింది లార్జ్ బ్రీడ్ పప్పీ ఫుడ్, అదీ కొలిచి.

మరి మార్చేది ఎప్పుడు? ఎదుగుదల ఆగినప్పుడు. పామరేనియన్ లాంటి చిన్నవాటికి 9 నుంచి 12 నెలలు. మన దేశీ కుక్కలకి దాదాపు ఏడాది. ల్యాబ్, షెపర్డ్ లాంటివాటికి 12 నుంచి 18 నెలలు. గ్రేట్ డేన్ లాంటి భారీ వాటికి 18 నుంచి 24. ప్యాకెట్ మీద "12 నెలలు" అని ఉంటే అది మీ కుక్క సైజుకి రాసిందా లేదా చూసుకోండి. అలాగని అవసరం తీరాక కూడా పప్పీ ఫుడ్ లాగిస్తే ఒళ్లు వస్తుంది, ఆపరేషన్ చేయించిన కుక్కకి ఇంకా తొందరగా.

మార్చేటప్పుడు ఒక్కసారిగా వద్దు, మోషన్స్ పట్టుకుంటాయి. రెండు మూడు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, తర్వాత ముప్పావు, వారం పది రోజుల్లో పూర్తిగా కొత్తది.

చివరిగా ఒక్క అంకె. ప్యూరినా వాళ్లు 48 ల్యాబ్రడార్లని చిన్నప్పటినుంచి చివరిదాకా గమనించి 2002లో ఫలితం ప్రచురించారు. జతలో ఒకదానికి రెండోదానికంటే 25 శాతం తక్కువ తిండి. తక్కువ తిన్నవాటి మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, రెండోవాటిది 11.2. కీళ్ల నొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. తిండి అమ్ముకునే కంపెనీయే "కొంచెం తక్కువ పెట్టండి" అని నిరూపించిందన్నమాట! సంచి మార్చడం ఒక్క రోజు నిర్ణయం. కొలత గ్లాసు మాత్రం రోజూ చేతిలో ఉండాల్సిందే.

మీ కుక్క జాతి, వయసు, ఇప్పుడు పెడుతున్న ఫుడ్ కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.