కుంగుబాటు వ్యాధి – మెదడు నిర్మాణము: నిందనుండి నిదానమువరకు

ధర్మపురి జిల్లాలోని పాపారపట్టి పేరు స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో సుబ్రహ్మణ్య శివ పేరుతో ముడివడి యున్నది. వ.ఉ. చిదంబరం పిళ్ళైతోపాటు 1908లో నిర్బంధింపబడిన ఆ దేశభక్తునకు చెఱసాలలో కుష్ఠువ్యాధి సోకెను. విడుదల యైన పిమ్మట నాటి ప్రభుత్వము ఆ వ్యాధి కారణముగా ఆయన రైలు ప్రయాణమును నిషేధింపగా, కాలినడకను ఊరూర తిరిగి ప్రచారము సాగించెను. తుదకు 1925 జులై 23వ తేదీన పాపారపట్టిలోనే కన్నుమూసెను. కుష్ఠువు పాపఫలమని లోకము నమ్మిన కాలమది. కాని నార్వే వైద్యుడు హాన్సెన్ ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని 1873లోనే కనుగొనెను. శాస్త్రము కారణమును చూపి అర్ధశతాబ్దము గడచినను సంఘము రోగిని నిందించుట మానలేదు.

కుష్ఠువు విషయమున జరిగినదే నేడు కుంగుబాటు వ్యాధి, అనగా డిప్రెషన్, విషయమునను జరుగుచున్నది. దీనిని సోమరితనమనియు, పిరికితనమనియు, గ్రహబాధయనియు ననువారు మన యిండ్లలో నింకను కలరు. ఈ నింద ఎంతవరకు నిలుచునో తెలియవలెనన్న ఈ వ్యాధిని గూర్చిన జ్ఞానము పెరిగిన తీరును పరిశీలింపవలెను.

పూర్వులు ఈ బాధను ఎఱుగనివారు కారు. రోగమును పెంచువానిలో విషాదమే ప్రధానమని చరకసంహిత పేర్కొనినది. ప్రాచీన గ్రీకు వైద్యులు శరీరమున నల్లని పైత్యము హెచ్చుటయే దీనికి కారణమని తలచిరి. కారణము తప్పైనను, వారు దీనిని దేహమునకు సంబంధించిన రోగముగానే యెంచిరి గాని శీలదోషముగా నెంచలేదు.

మన ప్రాంతమున మానసిక రోగులకై 1794లో మద్రాసున ఒక ఆశ్రయము వెలసెను. 1871లో కీల్పాకమున పెద్ద చికిత్సాలయము ఏర్పడెను. ఐనను ఆ కాలమున రోగిని వేఱుగా నుంచుటకే గాని కోలుకొనజేయుటకు సాధనములు స్వల్పము. 1957లో స్విట్జర్లాండు వైద్యుడు రోలండ్ కూన్ ఇమిప్రమిన్ అను మందు కుంగుబాటును తగ్గించుచున్నదని ప్రకటించెను. మందుతో తగ్గునది కేవలము మనోదౌర్బల్యము కానేరదను భావము దీనితో బలపడెను.

మెదడు నిర్మాణమునే పరీక్షించు అవకాశము ఎం.ఆర్.ఐ. యంత్రముతో కలిగెను. 1996లో అమెరికాలో ఈవెట్ షెలైన్ బృందము, పలుమార్లు కుంగుబాటునకు లోనైన పదిమంది స్త్రీలను ఆరోగ్యవంతులైన మఱి పదిమందితో పోల్చి చూచెను. జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోకాంపస్ అను భాగము రోగులలో చిన్నదిగా నుండెను. వ్యాధి ననుభవించిన కాలము హెచ్చినకొలది ఆ తగ్గుదల కూడ హెచ్చుగా గనబడెను.

ఇరువదిమందితో సిద్ధాంతము స్థిరపడదు. కావున అనేక దేశముల పరిశోధకులు ఎనిగ్మా అను పేర కూటమిగా నేర్పడి తమ చిత్రములను ఏకము చేసిరి. 2016లో ప్రచురితమైన వారి పరిశోధనలో 1728 మంది రోగులు, 7199 మంది ఆరోగ్యవంతులు కలరు. ఇందును హిప్పోకాంపస్ తగ్గుదల కనబడెను. అది ముఖ్యముగా వ్యాధి పలుమార్లు తిరుగబెట్టినవారియందును, చిన్నతనముననే ప్రారంభమైనవారియందును ప్రస్ఫుటమయ్యెను. 2017లో ప్రచురితమైన మఱియొక పరిశోధన, వయోజన రోగుల మెదడు పైపొర నుదుటి వెనుక భాగమునను మఱికొన్ని చోట్లను పలుచనై యున్నట్లు తెలిపెను. మనోభావములను అదుపులో నుంచుటకు తోడ్పడు భాగములు వీనిలో కొన్ని.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. హిప్పోకాంపస్ తగ్గుదల సగటున ఇంచుమించు నూటికి ఒక వంతు మాత్రమే. వేలకొలది జనులను కలిపి చూచినప్పుడే అది తేలును. ఒక్క వ్యక్తి చిత్రమును చూచి ఇతడు రోగి, ఇతడు కాడు అని చెప్పుటకు వీలులేదు. తగ్గుదల వ్యాధికి ముందే యున్నదో, వ్యాధివలన గలిగినదో ఇంకను విచారణలోనే యున్నది. పైగా విద్యుచ్చికిత్స పొందినవారిలో హిప్పోకాంపస్ పరిమాణము పెరిగినట్లు పరిశోధనలు చూపినవి. కావున ఈ భేదము నుదుటి వ్రాత కాదు. "వీని మెదడే చెడినది" అని క్రొత్త నింద వేయుటకు ఈ శాస్త్రము నాధారముగా గైకొనుట, పాత నిందకంటె మేలైనది కాదు.

నింద ప్రాణములనే తీయగలదు. రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6వ తేదీన మానసిక రోగుల నుంచిన పాకలు అగ్నికి ఆహుతియైనప్పుడు, గొలుసులతో కట్టబడియున్న 28 మంది ప్రాణములు గోల్పోయిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. చికిత్స పొందుట ప్రతివాని హక్కని తెలిపినది.

హక్కు చట్టమందున్నంత మాత్రమున రోగికి చేరదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ సర్వే ప్రకారము ఇరువదిమందిలో ఒకరు జీవితమున ఎప్పుడైనను కుంగుబాటునకు లోనైనవారే. వారిలో అత్యధికులకు చికిత్స అందుటలేదు. తమిళనాట తెలుగు కుటుంబములకు భాష మఱియొక అడ్డంకి. బజారు పనులు తమిళమున చక్కబెట్టుకొనువారైనను, గుండెలోని బరువును ఇంటి భాషలోనే చెప్పుకొనగలరు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యతో ఫోను చేసి తెలుగునను మాటలాడవచ్చును. ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి పాపారపట్టివారికి చేరువలోనే కలదు.

కుష్ఠువునకు మందు లభించిన పిదపను పాత భయము చాలకాలము నిలిచెను. కుంగుబాటు విషయమున అంతటి ఆలస్యము చేయకుండుట మన చేతిలోనే యున్నది. ఇంటిలో నొకరు వారములతరబడి నిద్రాహారములు మాని, మాట మాని కూర్చున్నప్పుడు, "నీకేమి తక్కువ?" అని గద్దించుటకు బదులు "వైద్యునికడకు పోదము రా" యని పిలుచుటయే ఈ పరిశోధనలన్నిటి ఫలమును ఇంటికి దెచ్చుట యగును.