గోడలకు అప్పగించిన పని

స్వర్ణోత్సవ సంచికకు మన బడి చరిత్ర కాకుండా వేరే చరిత్ర ఏదైనా రాయమన్నారు సంపాదకులు. ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ని, కాదనలేకపోయాను. నిరుడు ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు చూసిన ఒక ఆఫీసు గురించి రాస్తాను.

గ్లోస్టర్‌షైర్‌లోని సైరెన్‌సెస్టర్ ఊళ్లో, ట్రినిటీ రోడ్డు మీద కాట్స్‌వోల్డ్ జిల్లా కౌన్సిల్ కార్యాలయం ఉంది. అమ్మాయికి పన్ను పని పడితే వెంట వెళ్లాను. పాత రాతి కట్టడం. మన తాలూకాఫీసు లాంటిదే అనుకున్నాను. అది 1836-37లో కట్టిన వర్క్‌హౌస్ అని తెలిశాక కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను.

1834లో ఇంగ్లండు తన పేదల చట్టాన్ని మార్చింది. ఒంట్లో సత్తువ ఉండీ సాయం అడిగేవాడికి ఇంటి దగ్గర డబ్బు ఇవ్వకూడదు, వర్క్‌హౌస్‌లో చేరితేనే తిండి అన్నది దాని సారం. లోపలి బతుకు బయటి అతి పేద కూలీ బతుకు కన్నా హీనంగా ఉండాలి. కానీ తిండి మరీ తగ్గిస్తే మనుషులు చస్తారు. మరి హీనంగా ఉంచడం ఎలా? ఆ పనిలో చాలా భాగం గోడలకు అప్పగించారు.

శాంప్సన్ కెంప్‌థోర్న్ అనే వాస్తుశిల్పి గీసిన నమూనా ప్లాన్లు 1835లో అచ్చయ్యాయి. వాటిలో 300 మందికి ఉద్దేశించినది చూడండి. చుట్టూ నలుచదరంగా గదుల వరసలు, లోపల శిలువ ఆకారంలో నాలుగు రెక్కలు, రెక్కల మధ్య నాలుగు వాకిళ్లు. మగవాళ్లు, ఆడవాళ్లు, మగపిల్లలు, ఆడపిల్లలు ఎవరి వైపు వాళ్లే. శిలువ నడుమ మాస్టర్ నివాసం, అక్కడి కిటికీల్లోంచి అన్ని వాకిళ్లూ కనిపిస్తాయి. (అక్కడ మాస్టరంటే పంతులు కాదు, పర్యవేక్షకుడు.) అన్నిచోట్లా అచ్చంగా ఇదే ప్లాను కట్టలేదు గానీ, విడదీసే సూత్రం మాత్రం ఒకటే. మొగుడూ పెళ్లాం ఒకే కప్పు కింద ఉండి కూడా వేరైపోయేవాళ్లు. అరవై దాటిన దంపతులు ఒకే గది అడగవచ్చని చట్టం ఒప్పుకున్నది 1847లో.

కెంప్‌థోర్న్ దగ్గర కొన్నాళ్లు పనిచేసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ తర్వాత వర్క్‌హౌస్‌లు చాలానే కట్టించాడు. బొంబాయి యూనివర్సిటీ రాజాబాయి టవర్ గీసిందీ ఆయనే. మనం తలెత్తి మెచ్చుకునే గోపురమూ, పేదవాడు తలవంచుకుని దాటిన గడపా ఒక్క చేతివే.

నేను వారాలు చేసుకుని చదివానని నా బ్యాచ్ వాళ్లకు తెలుసు. మంగళవారం ఇంటివాళ్లు వంటింటి గడప అవతల విస్తరి వేసేవారు. అదీ ఒక గోడే అనిపించేది అప్పట్లో. కానీ రాత్రికి మా అమ్మ పక్కనే పడుకునేవాణ్ని.

1930లో వర్క్‌హౌస్‌ల పాలకమండళ్లను రద్దుచేశారు. తర్వాత వాటిలో చాలా భవనాలు ఆసుపత్రులయ్యాయి, కొన్ని ఇలా ఆఫీసులయ్యాయి. కొందరు వీటిని కూల్చేయాలంటారు. నేను ఒప్పుకోను. ఆ గోడలు చెప్పినంత వివరంగా ఆ చట్టాన్ని నేను క్లాసులో ఎన్నడూ చెప్పలేకపోయాను.

ఇల్లు లేనివాళ్లు ఇంటి కోసం ఇప్పటికీ జిల్లా కౌన్సిల్‌నే అడగాలి. మేం కూర్చున్న హాల్లో ఒక భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పిల్లతో, ఏదో ఫారం నింపుతున్నారు. పిల్లకు స్పెల్లింగు రాక తండ్రిని అడుగుతోంది. పని అయ్యాక ముగ్గురూ ఒకే తలుపులోంచి బయటికి వెళ్లారు.