నడవడానికి పుట్టని బూటు

1815 ఏప్రిల్. ఎల్బా దీవి నుంచి తప్పించుకొచ్చిన నెపోలియన్ పారిస్‌లో మళ్ళీ గద్దెనెక్కాడు. అతణ్ణి ఎదుర్కోవడానికి బెల్జియం గడ్డ మీద సేనలు కూడుతున్నాయి. ఆ భారమంతా నెత్తినున్న ఆర్థర్ వెలస్లీ, అంటే వెల్లింగ్టన్ డ్యూక్, బ్రస్సెల్స్ నుంచి లండన్‌లో తన బూట్లు కుట్టే హోబీకి ఒక ఉత్తరం రాశాడు. పోయినసారి పంపినవి పిక్క దగ్గర ఇంకా బిగుతుగానే ఉన్నాయట, పొడవులో ఒకటిన్నర అంగుళం తగ్గిందట. ఆ రెండూ సరిచేసి ఇంకో రెండు జతలు పంపమన్నాడు. వాటర్లూ యుద్ధానికి అప్పటికి రెండు నెలలే ఉంది.

ఈ ఉత్తరం సంగతి తెలిసినప్పటి నుంచి ఆ బూటు మీద నాకు గౌరవం పెరిగింది. రెండు వందల ఏళ్ళు దాటినా గంబూట్లు కొనేవాళ్ళ మొదటి ఫిర్యాదు అదే: పాదం పడుతుంది, పిక్క పట్టదు. పిక్క పట్టిందంటే మడమ జారుతుంది. ఎందుకలా అని వెతుక్కుంటూ వెళితే ఆ బూటు చరిత్రే జవాబు చెబుతుంది. వెల్లింగ్టన్ బూటు, అంటే ఇప్పటి మన గంబూటు, నడవడానికి పుట్టలేదు. మొదట గుర్రమెక్కడానికి పుట్టింది. తర్వాత నీళ్ళలో నిలబడటానికి మారింది. నడక దాని జీవితంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

అంతకుముందు సైనికాధికారులు తొడిగినవి హెస్సియన్ బూట్లు. జర్మనీలోని హెస్సె ప్రాంతపు సైనికుల నుంచి వచ్చిన పేరది. మోకాలి కింద ముందువైపు వంపుగా కత్తిరించి, మధ్యలో ఒక కుచ్చు వేలాడదీసేవారు. కాలికి అతుక్కునే బిగుతు లాగుల మీద అవి అందంగానే ఉండేవి. వదులు ప్యాంట్లు వచ్చాక ఆ కుచ్చూ ఆ అంచు అలంకారమూ బట్ట కింద ఇమడలేదు. డ్యూక్ వాటిని తీసేయించాడు. మెత్తని దూడ తోలుతో, కాలిని అంటిపెట్టుకునేలా, మడమ ఎత్తు ఒక అంగుళానికి మించకుండా కుట్టమన్నాడు. పొద్దున గుర్రం మీద రికాబులో పాదం నిలవాలి, సాయంత్రం విందులో అవే కాళ్ళతో కూర్చోవాలి. మైళ్ళ కొద్దీ నడవడం ఆ లెక్కలో లేదు.

ఈ డ్యూక్‌కు మన వైపు కూడా ఒక జాడ ఉంది. 1799లో టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి హైదరాబాదు నిజాం పంపిన సేన వెంట ఈస్టిండియా కంపెనీ తరఫున నడిచిన అధిపతి ఈ వెలస్లీయే. నిజాం వైపు పెద్ద మీర్ ఆలం. హైదరాబాదులో మీర్ ఆలం చెరువు ఆయన పేరు మీదే ఉంది. ఆ ఏప్రిల్‌లో శ్రీరంగపట్నం ముందు సుల్తాన్‌పేట తోపు మీద రాత్రిపూట చేసిన దాడిలో, చీకట్లో, కాలవల మధ్య వెలస్లీ సైనికులు దారి తప్పారు. వేగం తగ్గిన తుపాకీ గుండొకటి ఆయన మోకాలికి తగిలింది. బూట్ల మీద శ్రద్ధ అక్కడే మొదలైందని చెప్పడానికి ఆధారం లేదు. కాలు విలువ తెలిసిన మనిషని మాత్రం అనుకోవచ్చు.

డ్యూక్ 1852లో చనిపోయాడు. ఆ మరుసటి ఏడే ఆయన బూటుకు తోలు వదిలి రబ్బరు పట్టుకునే రోజులొచ్చాయి. రబ్బరుకు అప్పటిదాకా ఒక పెద్ద చిక్కు ఉండేది: ఎండకు జిగురులా కారిపోతుంది, చలికి చెక్కలా బిగుస్తుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడిచేస్తే ఆ గుణం పోతుందని కనిపెట్టాడు. ఆ పద్ధతితో పాదరక్షలు చేసుకునే హక్కు హైరమ్ హచిన్సన్ అనే మరో అమెరికన్ కొనుక్కుని ఫ్రాన్స్ చేరాడు. 1853లో తన దేశపు గద్ద గుర్తుతో ‘ఎగ్ల్’ అనే కంపెనీ పెట్టాడు. అప్పటి ఫ్రెంచి రైతు తడి పొలంలో చెక్కతో తొలిచిన బూట్లు వేసుకుని తిరిగేవాడు. ఇంటికొచ్చాక పొడి కాళ్ళు చూసుకోవడం అతనికి కొత్త. 1856లో ఎడిన్‌బరోలో కూడా అమెరికన్లే వచ్చి నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ పెట్టారు. తర్వాత హంటర్ పేరుతో ప్రపంచమంతా తెలిసింది ఆ కంపెనీ బూట్లే.

ఆ రబ్బరు పాలు ఎక్కడివి? మొదట్లో అమెజాన్ అడవులవి. 1876లో హెన్రీ విక్‌హమ్ బ్రెజిల్ నుంచి 70,000 గింజలు లండన్ క్యూ తోటకు తెచ్చాడు. మొలిచినవి సుమారు రెండున్నర వేలు. వాటి సంతానమే సింహళంలో, మలయాలో తోటలైంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో విశాఖ, గోదావరి జిల్లాల నుంచి, నెల్లూరు, చిత్తూరు వైపుల నుంచి ఓడలెక్కి మలయా రబ్బరు తోటలకు వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో. తెల్లవారకముందే చెట్టు బెరడు గీసి పాలు పట్టేవారు. ఏ గిన్నెలోని పాలు ఏ బూటైందో ఎవరూ చెప్పలేరు గానీ, పరాయి కాళ్ళను పొడిగా ఉంచిన ఆ సరుకులో మనవాళ్ళ చెమట ఉంది. ఈ చరిత్ర రాసేటప్పుడు ఆ మాట వదిలేయడానికి నాకు మనసొప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 చలికాలంలో ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో నీళ్ళు నిలిచాయి. రోజుల తరబడి చల్లని బురదలో నానిన పాదాలు తిమ్మిరెక్కి, వాచి, చివరికి కుళ్ళేవి. ‘ట్రెంచ్ ఫుట్’ అన్నారు దాన్ని. బ్రిటిష్ యుద్ధ శాఖ నార్త్ బ్రిటిష్ కంపెనీకి కబురంపింది. యుద్ధం ముగిసేలోపు ఆ ఒక్క కంపెనీ చేసిచ్చినవి 11,85,036 జతలు. తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు మాత్రం సైనికుడి సొంతం కాదు, కందకం సామాను. కాపలా మారినప్పుడు దిగే దళం ఎక్కే దళానికి అప్పగించి పోవాలి. ఎవరి కొలతో ఎవరి కాలికో. నిలబడటానికి సరిపోయేవి, కవాతుకు పనికిరావు. పైగా రబ్బరు బయటి నీటిని ఆపినట్టే లోపలి చెమటనూ ఆపుతుంది. అందుకే బూట్లు వచ్చినా పాదాలకు నూనె రాయడం, మేజోళ్ళు మార్చడం తప్పలేదు.

నడక సంగతి ఇక్కడే తేలుతుంది. మామూలు గంబూటు ఒక గొట్టం. చీలమండ దగ్గర దానికి పట్టు లేదు. అడుగెత్తిన ప్రతిసారీ మడమ లోపల లేస్తుంది, మేజోడు కిందికి జారి పాదం కింద ముద్దవుతుంది, రెండు మైళ్ళకు బూటు కరుస్తుంది. పోయిన వానాకాలం నేను చవగ్గా కొన్న జత ఇదే పని చేసింది. చేను చుట్టూ తిరిగి వచ్చేసరికి రెండు మడమల మీదా బొబ్బలు.

1950ల మధ్యలో వచ్చిన హంటర్ ఆకుపచ్చ బూటు పాదం ఆకారాన్ని పట్టించుకుంది. కానీ నా లెక్కలో నడక సమస్యను గట్టిగా పట్టుకున్నది ఫ్రెంచివాళ్ళు: ఎగ్ల్, 1927లో క్లోడ్ షామో షెర్బూర్‌లో మొదలుపెట్టిన ‘ల షామో’. రబ్బరు పలకలను ముక్కలుగా కోసి, లోహపు అచ్చు మీద చేత్తో ఒకదానిమీద ఒకటి అతికి, తర్వాత వేడికి పెడతారు. అలా చేస్తే చీలమండ దగ్గర సన్నం చెయ్యొచ్చు, మడమ దగ్గర మందం పెంచొచ్చు. చవక ప్లాస్టిక్ బూటు అచ్చులో ఒక్క పోతలో తయారవుతుంది. నూనెలకు, మందులకు తట్టుకుంటుంది గానీ చలికి గట్టిపడుతుంది.

కాబట్టి కొనేటప్పుడు ముందు మడమ చూడండి. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, నడకకు వేసుకునే మందపాటి మేజోళ్ళతోనే వెళ్ళాలి. బూటులో పాదాన్ని ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు దూరాలి, రెండు దూరితే అది మీది కాదు. మెట్లు దిగి చూడండి. వేళ్ళు ముందుకు గుద్దుకుంటే కొండ దారిలో గోళ్ళు నల్లబడతాయి. పిక్క దగ్గర డ్యూక్‌గారి ఫిర్యాదు గుర్తుంచుకోండి: కూర్చుని మోకాలు వంచినప్పుడు అంచు ఒత్తకూడదు. కింద గాడులు లోతుగా ఉండాలి, వేళ్ళ మొదళ్ళ దగ్గర బూటు చేత్తో వంగాలి. సహజ రబ్బరు మీద తెల్లని పొడిలాంటి పూత తేలితే పాడైందని పారేయకండి, తుడిస్తే పోతుంది. రబ్బరును చంపేది ఎండ. తడిసిన జతను పొయ్యి పక్కన పెట్టొద్దు. లోపలి అట్ట తీసి, పాత పేపర్లు కుక్కి నీడలో ఉంచాలి.

నాట్లు వేసే మడిలో ఈ బూట్లు పనికిరావు, బురద పట్టుకుని లాగేస్తుంది. మన కూలీలు ఉత్త కాళ్ళతో దిగేది అందుకే. కానీ రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు వేయడానికి గట్టు వెంట వెళ్ళే రైతు సంగతి వేరు. 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం అంచనా. ఆ చావులు ఎక్కువగా జరిగిన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసి ఉన్న ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు వానాకాలంలోనే. కాట్లలో ఎక్కువ భాగం పడేది కాళ్ళ మీదే. మోకాలి దాకా వచ్చే దళసరి బూటు ఒక జత, చేతిలో టార్చిలైటు, ఆ నడకకు కావలసిన సామాను. కాలికి సరిపోయే జతైతేనే అతను రోజూ తొడుగుతాడు, కరిచే జతైతే మూడో రోజుకే మూలన పడేస్తాడు. గుమ్మం పక్కన పెట్టుకున్న బూట్లను తొడిగే ముందు తలకిందులు చేసి నేలకేసి రెండుసార్లు కొట్టాలి. తేలో జెర్రో ముందే దూరి ఉండొచ్చు.