డిలీట్ చేసినా పోని ఆల్బమ్

మొన్న శనివారం పాత హార్డ్ డిస్క్ దులుపుతూ కూర్చున్నా. ఇంజినీరింగ్ రోజుల్లో హాస్టల్ లాన్ లోంచి లాగిన పాటలు, ఒక్కోటి మూడేసి కాపీలు. "ట్రాక్ 01" అనే పేరుతోనే పదిహేడున్నాయి! షిఫ్ట్ డిలీట్ కొట్టుకుంటూ పోతే గంటలో సగం డిస్కు ఖాళీ. ఆ ఊపులో 2014 నాటి ఓ గొడవ గుర్తొచ్చింది. తెలియనివాళ్ళ కోసం చెప్తాను.

2014 సెప్టెంబర్ 9న ఆపిల్ వాళ్ళు ఐఫోన్ 6 చూపించిన సభలోనే, ఐర్లండ్ బ్యాండ్ యూ2 కొత్త ఆల్బమ్ "సాంగ్స్ ఆఫ్ ఇన్నోసెన్స్" అందరికీ ఉచితం అన్నారు. ఉచితం అంటే కావాల్సినవాళ్ళు తీసుకోవచ్చని అనుకునేరు! 119 దేశాల్లో దాదాపు 50 కోట్ల ఐట్యూన్స్ ఖాతాల్లోకి నేరుగా తోసేశారు. ఆటోమేటిక్ డౌన్‌లోడ్ ఆన్ చేసుకున్నవాళ్ళ ఫోన్లలోకి 11 పాటలూ చెప్పాపెట్టకుండా దిగిపోయాయి.

వద్దనుకున్నవాళ్ళు డిలీట్ చేశారు. అసలు తమాషా ఇక్కడే మొదలైంది. ఫైలు పోయింది గానీ, ఆల్బమ్ పేరు పక్కన మేఘం బొమ్మ పెట్టుకుని లైబ్రరీలో అలాగే కూర్చుంది!

ఎందుకలా? 2001 జనవరిలో ఐట్యూన్స్ వచ్చినప్పుడు లైబ్రరీ అంటే మన డిస్కు మీదున్న ఫైళ్ళే. 2003 ఏప్రిల్లో పాట 99 సెంట్లకి అమ్మే కొట్టు తెరిచారు. 2011లో ఐక్లౌడ్ వచ్చాక, మనం కొన్న పాటల జాబితా వాళ్ళ సర్వర్లోంచి మన పరికరాలన్నిటికీ సింక్ అవడం మొదలైంది. యూ2 ఆల్బమ్‌ని చేర్చింది ఆ జాబితాలో. జనం చెరిపింది లోకల్ కాపీని. సర్వర్లో రికార్డు చెక్కుచెదరలేదు. దాన్ని కనపడకుండా దాచుకునే దారి ఐట్యూన్స్‌లో ఉంది గానీ, అది ఎంతమందికి తెలుసు?

చివరికి సెప్టెంబర్ 15న ఆపిల్ ఈ ఒక్క ఆల్బమ్ తీసెయ్యడానికే ప్రత్యేకంగా ఓ పేజీ పెట్టింది. లాగిన్ అయ్యి ఒక్క బటన్ నొక్కితే సరి. ఒక ఆల్బమ్ డిలీట్ చెయ్యడానికి ఒక టూలు, చూశారా! అక్టోబర్లో గాయకుడు బోనో క్షమాపణ చెప్పాడు. 2022లో వచ్చిన తన ఆత్మకథలో తప్పంతా తనదేనని ఒప్పుకున్నాడు.

దీనికి సరిగ్గా తిరగేసిన కథ 2009 జులైలో జరిగింది. హక్కులు లేని ఓ సంస్థ అమ్మిందని, జార్జ్ ఆర్వెల్ "1984" పుస్తకాన్ని కొన్నవాళ్ళ కిండిల్స్ లోంచి అమెజాన్ అడక్కుండా తీసేసింది. డబ్బులు వెనక్కిచ్చిందనుకోండి, తర్వాత జెఫ్ బెజోస్ క్షమాపణా చెప్పాడు. నిఘా ప్రభుత్వం మీద రాసిన పుస్తకానికే ఆ గతి పట్టడం విచిత్రం.

ఒకచోట వద్దన్నది పోలేదు, ఇంకోచోట కావాలన్నది మిగల్లేదు. రెండుచోట్లా రైట్ పర్మిషన్ మన చేతిలో లేకపోవడమే కారణం. రోజూ ఇలాంటి సిస్టమ్స్ కట్టేది మనమే కదా, యూజర్ నొక్కే డిలీట్ నిజంగా దేన్ని చెరుపుతోందో డిజైన్ రివ్యూలో ఎప్పుడైనా అడిగామా?

నా పదిహేడు "ట్రాక్ 01"లు మాత్రం ఒక్క దెబ్బకి పోయాయి. అవి నావి కాబట్టి :)